చింతపండుతో తోమిన వెండి బిళ్ల

నల్లబడిన వెండి కంటపడితే నాగులమ్మ చేతులు ఊరుకోవు. అల్లూరు రైతుల ఇళ్లలో పెళ్లి వచ్చిందంటే సామాను తోమడానికి జువ్వలదిన్నె నుంచి ఆమెనే పిలిపిస్తారు. నానబెట్టిన చింతపండు, సముద్రపొడ్డు ఇసుక, ఇంత ఉప్పునీళ్లు. అంతే, ఎంత మొండి మరకైనా వదలాల్సిందే. ఆ అలవాటే ఆ రోజు ఆమె కొంప ముంచినంత పని చేసింది.

ఆమె ఊడ్చి తుడిచేది పద్మనాభయ్యగారి ప్రయోగశాలలో. పేరుకే ప్రయోగశాల, తీరాన అద్దెకు తీసుకున్న పెంకుటిల్లు అది. ఉప్పుగాలికి పడవల మేకులు తుప్పు పడుతున్నాయి కదా, ఆ తుప్పును ఆపే మందు లోహానికి ఎలా అంటుకుంటుందో కనిపెట్టమని పెద్దాఫీసువాళ్లు అరవై రెండులో ఆయన్ని పంపారు. ముందుగా వెండి మీద చూద్దామని, ఆయన ఒక వెండి బిళ్లను అద్దంలా నునుపు చేసి, దానికి మందు పట్టించి, చీకటిగదిలో దాని మీద దీపం వేసేవాడు. తిరిగొచ్చే వెలుగులో ఏ కాస్తో రంగు మారుతుంది. ఆ కాస్తా ఫొటోలు తీసే గాజు పలక మీద గీతలుగా పడితే మందు గుట్టు తెలిసినట్టే. రెండేళ్లయినా ఒక్క గీత పడలేదు. నెలాఖరుకు గీతలు చూపించకపోతే తలుపులు మూసేయమని ఉత్తరం కూడా వచ్చింది.

తలుపులు మూస్తే నాగులమ్మ పనీ పోతుంది. మొగుడు పోలేరయ్య చేయి విరిగి వేటకు పోవడం లేదు, ఇల్లు గడిచేది ఆమె జీతం మీదే.

ఆ రోజు ఆయన కావలికి వెళ్లాడు. చీకటిగది ఊడుస్తుంటే, ఉప్పుగాలికి నల్లబారిన బిళ్ల ఆమె కంటపడింది. అయ్యకు సాయం చేద్దామని పెరట్లోకి తీసుకుపోయి చింతపండూ ఇసుకా వేసి పరపరా తోమింది. కడిగి చూసుకుంటే తన ముఖం కనిపించలేదు. నునుపంతా పోయి బిళ్ల పాలిపోయింది. పై ప్రాణాలు పైనే పోయాయి. గబగబా తుడిచి దాని చోట దాన్ని పెట్టేసింది. సాయంత్రం ఆయన వచ్చి, గదిలోని గుడ్డి ఎర్రదీపం వెలుతురులోనే మందు పట్టించి పని మొదలుపెట్టాడు. ఏమీ గమనించలేదు.

మూడో రోజు పొద్దున ఆయన పలక కడిగి, పట్టుకుని వాకిట్లోకి పరుగెత్తుకొచ్చాడు.

"నాగులమ్మా, పడినాయి! చూడు, ఎంత నల్లంగా పడినాయో!"

ఆయన కాలు ఒకచోట నిలవలేదు. పెద్దాఫీసుకు తంతి కొట్టాడు. సోమవారం వస్తున్నామని జవాబొచ్చింది. వాళ్ల కోసం కొత్త బిళ్ల తీసి, మునుపటికంటే నునుపుగా సానపట్టాడు. అడిగేవాళ్లు లేరు కదా, గండం గడిచిందని నాగులమ్మ ఊపిరి పీల్చుకుంది.

గురువారం నాటి పలక ఖాళీగా వచ్చింది.

పద్మనాభయ్య పెరటి మెట్టు మీద కూలబడ్డాడు. "ముందర పడిన గీతలు కూడా నా భ్రమేనేమో నాగులమ్మా. వాళ్లకు ఏ ముఖం చూపించేది?"

తను తోమిన బిళ్ల మీద పడిన గీతలు నున్నటి బిళ్ల మీద పడలేదని నాగులమ్మకు అర్థమైంది. రెండేళ్లలో ఆ మనిషి ఆమెను ఒక్క మాట అనలేదు. చెబితే పని పోతుంది. చెప్పకపోతే ఆయన పరువు పోతుంది. తన వల్ల వచ్చిన గీతలకు ఆయన అబద్ధాలకోరు అనిపించుకోవడం ఆమె చూడలేకపోయింది.

"అయ్యా, ఆ మొదటి బిళ్ల నేను తోమేసినా."

"ఏందీ?"

"చింతపండూ ఇసకా ఏసి. నల్లంగా ఉంటే బాగుండదని. గరుకైపోయింది. భయమేసి చెప్పలా."

ఆయన ముఖం ఎర్రబడింది. "అంత నునుపు చెయ్యడానికి నాకు రెండు రోజులు పట్టింది! ఇన్నాళ్లూ నోరు మూసుకోని చూస్తా ఉండినావా?"

ఆమె చీపురు గోడకు ఆనించి, ఇక వెళ్లిపోదామని కొంగు దోపుకుంది. ఆయన మాత్రం లోపలికి వెళ్లి, పాత బిళ్లను భూతద్దం కింద పెట్టి చాలాసేపు చూశాడు. బయటికొచ్చినప్పుడు ఆయన చేతిలో ఇంకో కొత్త బిళ్ల ఉంది.

"యాడికి పోతా ఉండావు? ముందు దీన్ని తోము. ఆ రోజు ఎట్టా తోమినావో అట్టనే."

సోమవారం ఇద్దరు అధికారులు వచ్చేసరికి పలక ఇంకా తడిగానే ఉంది. దాని నిండా గీతలే. వాళ్లలో పెద్దాయన కళ్లజోడు సవరించుకుని, నునుపు మీద రానిది గరుకు మీద ఎలా వచ్చిందని నిలదీశాడు.

"నాకూ తెలీదండీ," అన్నాడు పద్మనాభయ్య. "మందు అదే, దీపం అదే. కంటికి ఆనని ఆ గుంటలూ మెట్టలే వెలుగును పెంచుతుండాయేమో. అది తేల్చడానికి నాకింకా రెండేళ్లు కావాల. ఈమె కూడా కావాల. తోమింది ఈమే."

పెద్దాయన నమ్మలేదు. చొక్కా చేతులు మడిచి, తనే ఒక బిళ్ల తీసుకుని చింతపండు ముద్ద ముందు కూర్చున్నాడు. చూపుడువేలితో సుతారంగా రాశాడు. నాగులమ్మ కాసేపు ఓర్చుకుంది. పెళ్లివాళ్ల చెంబైనా, సర్కారు బిళ్లైనా అలా తోమితే ఆమె చూస్తూ ఊరుకోలేదు.

"అదేం తోముడయ్యా? ఇసక ఎయ్యండి, ఇంకా ఎయ్యండి. గట్టిగా రుద్దండి," అంటూ ఆయన పక్కనే చతికిలబడింది.