బన్వారీలాల్ పదిహేడు మంది కొడుకులు

బన్వారీలాల్‌కి పెళ్ళి కాలేదు. అయినా సోమవారం పొద్దున, మొదటి వాయి కచోరీలు నూనెలో తేలుతుండగా, ఆయన ఫోనుకి ఈ మెసేజ్ వచ్చింది.

'గౌరవనీయులైన బన్వారీలాల్ గారికి, మీ పదిహేడు మంది పిల్లలనూ మా సంస్థలోనే చదివిస్తున్నందుకు కృతజ్ఞతలు. రేపు ఉదయం పదకొండు గంటలకు మా ఆఫీసులో మీకు సన్మానం. తప్పక రాగలరు.'

ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు. జల్లిగరిటె చేతిలోంచి జారి మూకుట్లో పడింది.

"ఒరేయ్ ఉత్కర్ష్! ఇలా రా. నీ తమ్ముళ్ళు ఎంతమందో చూద్దువుగాని!"

కచోరీ బండి పక్కన బల్ల మీద కూర్చుని ఫిజిక్స్ లెక్కతో కుస్తీ పడుతున్న ఉత్కర్ష్ లేచి వచ్చాడు. మెసేజ్ చదివాడు. నోట్లో ఉన్న కచోరీ ముక్క మింగుడు పడలేదు.

అంతా ఉత్కర్ష్ మొదలుపెట్టిందే.

ఉత్కర్ష్ బరన్‌వాల్‌ది ఆజంగఢ్. తండ్రి ఘన్‌శ్యామ్‌కి అక్కడ పైపులు, కుళాయిల దుకాణం. కొడుకుని ఇంజనీరింగ్ ప్రవేశపరీక్ష కోచింగ్‌కి కోటా పట్టణంలో దింపి, రైలెక్కే ముందు ఆయన ఒక్కటే మాట చెప్పాడు. "మార్కులు రాకపోతే ఫరవాలేదు. అబద్ధం చెప్పావో, ఆ రోజే రైలెక్కి వచ్చేయ్. కుళాయిలు అమ్ముకుందువుగాని."

జూలైలో మొదటి ఆదివారం టెస్టు. హాల్లోంచి బయటికొస్తూనే ఉత్కర్ష్‌కి తన గతేమిటో అర్థమైపోయింది. ర్యాంకు సాయంత్రానికల్లా నేరుగా తండ్రి ఫోనుకి వెళ్తుంది. ఆఫీసు మూసేలోపు పరుగెత్తి, 'మా నాన్నగారి ఫోను నంబరు మారింది' అని అర్జీ రాశాడు. ఎవరి నంబరు ఇవ్వాలో తోచలేదు. కిటికీలోంచి చూస్తే ఎదురుగా కచోరీ బండి, దాని మీద అడుగేసి అంకెలతో ఒక నంబరు. అదే ఎక్కించాడు.

ఆ సాయంత్రం బన్వారీలాల్ బండి దగ్గర కేకలు పెట్టాడు. "ఎవర్రా ఈ ఉత్కర్ష్? రెండు వేల ఎనిమిది వందల తొంభై ఏమిటి? నాకేమన్నా లాటరీ తగిలిందా?"

ఉత్కర్ష్ ఏడుస్తూ ఒప్పుకున్నాడు. బన్వారీలాల్ తిట్టాడు. తర్వాత ఒక కచోరీ పెట్టాడు. తప్పు అక్కడే జరిగింది. పెట్టకుండా ఉంటే కథ ఆ పూటతో ముగిసేది.

రహస్యం హాస్టళ్ళలో పాకింది. దీపావళికి పదిహేడు మంది తండ్రుల నంబర్లు మారిపోయాయి. ఆదివారం సాయంత్రమైతే చాలు, బన్వారీలాల్ కళ్ళజోడు పెట్టుకుని పదిహేడు ర్యాంకులూ గట్టిగా చదివేవాడు. ముందుకి జరిగినవాడికి రెండో కచోరీ. వెనక్కి జారినవాడికి చట్నీ బంద్.

ఉత్కర్ష్ మాత్రం ముందుకే జరుగుతున్నాడు. మూడు వేల వంద మందిలో ఇప్పుడు రెండు వేల రెండు వందల పద్నాలుగు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం ముందున్న వేలని మింగేసేవాడు. ఆజంగఢ్ బజారంతటికీ తెలిసిన ర్యాంకు రెండు వందల పద్నాలుగు. ఆ సంబరంలో ఘన్‌శ్యామ్ వీధంతా లడ్డూలు పంచాడు.

పరీక్షకి ఇంకా అరవై తొమ్మిది రోజులుంది. నాన్నకి తెలిస్తే మాత్రం ఆ అరవై తొమ్మిదీ కుళాయిల మధ్యే.

"కొత్తగా పెట్టిన కంప్యూటరు బాబాయ్," అన్నాడు ఉత్కర్ష్ నీరసంగా. "ఒకే ఫోను నంబరున్న వాళ్ళందర్నీ ఒకే గాటన కట్టేసింది."

మధ్యాహ్నం భోజనాల వేళ బండి చుట్టూ రహస్య సమావేశం జరిగింది. దర్భంగా నుంచి వచ్చిన మయంక్ ఝా అధ్యక్షత వహించాడు. వాడికి ఏ సమస్యకైనా నాలుగు జవాబులుంటే తప్ప బుర్ర పనిచేయదు.

"ఏ. బాబాయ్ వెళ్ళడు."

"వెళ్ళకపోతే దండ పట్టుకుని వాళ్ళే ఇక్కడికొస్తారు. ఆఫీసు యాభై గజాలే. కొట్టెయ్," అన్నారెవరో.

"బి. వెళ్తాడు. పదిహేడు మందీ నా కొడుకులే అంటాడు."

"ఒక ఝా, ఒక మీనా, ఒక బరన్‌వాల్, పైగా తలపాగాతో గుర్కీరత్. అందరూ ఒక్క తండ్రికా? కొట్టెయ్."

"సి. నిజం చెప్పేస్తాడు."

అందరూ చట్నీ గిన్నెల మీదికి వంగారు.

"డి?"

"పైవేవీ కావు."

పదిహేడు చేతులూ డి కి లేచాయి.

"అంటే నేనేం చెయ్యాల్రా?" అన్నాడు బన్వారీలాల్.

"అది ప్రశ్నలో లేదు బాబాయ్," అని మయంక్ క్లాసుకి పరుగెత్తాడు.

మంగళవారం పదకొండింటికి బన్వారీలాల్ ఉతికిన చొక్కా తొడుక్కుని ఆఫీసు మెట్లెక్కాడు. ఆయన ఉత్కర్ష్ మణికట్టు వదల్లేదు. "పెద్దకొడుకువి నువ్వే. తలకొరివి పెట్టాల్సింది నువ్వే. నడు!"

లోపల ప్రకటనలు చూసే లోకేశ్ శాలువా, దండ, కెమెరా సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. గోడకి బ్యానరు కూడా కట్టేశాడు. 'ఒకే తండ్రి. పదిహేడు మంది. ఒకే నమ్మకం.'

"రండి సార్! ఊరంతా పెద్ద బోర్డులు పెట్టిస్తున్నాం. మిగతా పదహారు మంది ఏరి?"

"చదువుకుంటున్నారు," అన్నాడు బన్వారీలాల్. ఆ ఒక్కటీ నిజమే.

మెడలో దండ పడింది. కెమెరా లేచింది. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది. పిల్లల మంచిచెడ్డలు చూసే నమ్రతా మాథుర్ మేడమ్ లోపలికొచ్చింది. చేతిలో ఒక జాబితా.

"లోకేశ్, ఆ కెమెరా దించు." ఆమె బన్వారీలాల్ ఎదురుగా కూర్చుంది. "నమస్కారం అండీ. మీ మయంక్ మార్చి మూడున పుట్టాడు. మీ గుర్కీరత్ అదే మార్చి పంతొమ్మిదిన పుట్టాడు. మీ ఆవిడకి నా తరఫున నమస్కారం చెప్పండి."

"నాకు పెళ్ళి కాలేదు మేడమ్."

లోకేశ్ శాలువాని మెల్లగా వెనక్కి లాక్కున్నాడు.

"తప్పు నాదే మేడమ్," అన్నాడు ఉత్కర్ష్. "మొదట నంబరు ఇచ్చింది నేనే. బాబాయ్‌ని అడక్కుండానే ఇచ్చాను."

"బాబాయ్ ఎదిగిన మనిషి. ఆయనకి నోరుంది." ఆమె బన్వారీలాల్ వైపు తిరిగింది. "సరదాగా ఉందా? అక్కడ పదిహేడు ఇళ్ళలో కన్నవాళ్ళకి పిల్లల సంగతి తెలీదు. మీకేం తెలుసు వీళ్ళ గురించి?"

బన్వారీలాల్ దండ తీసి బల్ల మీద పెట్టాడు. "మయంక్‌కి కెమిస్ట్రీ రాదు. అడిగితే కోపం కూడా వస్తుంది. గుర్కీరత్ బుధవారాలు వాళ్ళమ్మతో మాట్లాడాక ఏమీ తినడు, ఆ రోజు వాడికి లస్సీ ఇస్తాను. మీనా కుర్రాడు లెక్కలన్నీ చేసేసి, జవాబుల కాగితంలో ఒక గడి కింద నింపేస్తాడు, మూడుసార్లు అలాగే చేశాడు. ఇక వీడు..." ఉత్కర్ష్ నెత్తి మీద ఒక్కటి మొట్టాడు. "వీడు జూలై నుంచి ఆరు వందల డెబ్భయ్యారు మందిని దాటాడు. ఇంకా చెప్పమంటారా?"

మేడమ్ జాబితా మడిచి పక్కన పెట్టింది. తర్వాత బల్ల మీది ఫోను ఉత్కర్ష్ ముందుకి తోసింది.

"సాయంత్రం ఆరులోపు పదిహేడు మందీ ఇక్కడికొచ్చి మీ అసలు నాన్నలతో మాట్లాడాలి. మాట్లాడనివాళ్ళ తరఫున నేను మాట్లాడతాను. నేను మాట్లాడితే ఎలా ఉంటుందో తెలుసుగా? ఊఁ, కానియ్. పెద్దకొడుకుతోనే మొదలుపెడదాం."

ఉత్కర్ష్ నంబరు నొక్కాడు. రెండుసార్లు తప్పు నంబరు కొట్టాడు. మూడోసారి మోగింది.

"హలో! బరన్‌వాల్ పైపులు!"

"నాన్నా, నేను."

"ఈ వేళప్పుడేమిట్రా? క్లాసు లేదా? ఒంట్లో బాగుందా?"

"బాగుంది. నాన్నా, నా ర్యాంకు రెండు వందల పద్నాలుగు కాదు."

"మెరుగుపడిందా!"

"దానికి ముందు ఇంకో రెండు ఉంది నాన్నా."

అవతల ఏదో పైపు కింద పడ్డ చప్పుడు.

"రెండు వేల రెండు వందల పద్నాలుగా?"

"అవును."

"రైల్వేస్టేషన్లో నేనేం చెప్పాను?"

"గుర్తుంది నాన్నా."

"సాయంత్రం బండెక్కు."

"ఎక్కుతాను. ఒక్క మాట వింటే ఎక్కుతాను." ఉత్కర్ష్ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. "మొదట్లో నాది రెండు వేల ఎనిమిది వందల తొంభై. జిల్లా ఫస్టు వచ్చినవాణ్ణి, అది మీకు ఎలా చెప్పను? అందుకే చెప్పలేదు. తర్వాత అబద్ధం ఆపుదామంటే మీరు లడ్డూలు పంచేశారు. కానీ ఆ అంకె తగ్గుతోంది నాన్నా. వారం వారం తగ్గుతోంది. ఇంకా అరవై ఎనిమిది రోజులుంది. ఇప్పుడొచ్చేస్తే ఎంతవరకు తగ్గించేవాణ్ణో నాకెప్పటికీ తెలీదు. అది తెలుసుకోవాలి. ఇక నుంచి ర్యాంకు మీ ఫోనుకే వస్తుంది. ఒక్క వారం పెరిగినా మీరు పిలవక్కర్లేదు, నేనే వచ్చేస్తాను."

అవతల దుకాణంలో ఎవరో ధర అడుగుతున్నారు. ఘన్‌శ్యామ్ పట్టించుకోలేదు.

"ఒక్క వారం పెరిగినా అని పంతాలు పట్టకు," అన్నాడు చివరికి. "పరీక్షన్నాక ఒక వారం పెరగదా? వ్యాపారంలో నాకు అప్పులు పెరగట్లేదా?"

"నాన్నా..."

"నోర్మూసుకుని విను. ఈ అరవై ఎనిమిది రోజులూ అక్కడే ఉండు. పెరిగినా తగ్గినా నాకు నిజం చెప్పు. ఈ రెండు వందల పద్నాలుగుతో మాత్రం చచ్చిపోతున్నానురా! నిన్ననే మునిసిపల్ ఇంజనీరు గారికి కూడా చెప్పాను. మీ పెద్దమ్మకి చెప్పాను. ఎవరెవరికి చెప్పానో నాకే గుర్తులేదు."

"ఇప్పుడు వాళ్ళకేం చెప్తారు?"

"అది నా తంటా. నువ్వు చదువుకో."

ఆయన ఫోను పెట్టేయడం మరిచిపోయాడు. దుకాణంలోని కొనుగోలుదారు గొంతు స్పష్టంగా వినిపించింది. "అబ్బాయేనా సేఠ్‌జీ? ఇప్పుడు ర్యాంకెంతట?"

బన్వారీలాల్, మేడమ్, ఉత్కర్ష్ ముగ్గురూ ఫోను మీదికి వంగారు.

"ఇందాక ఏమడిగారు మీరు?" అంటోంది ఘన్‌శ్యామ్ గొంతు, అవసరానికి మించి గట్టిగా. "అరంగుళం పైపా, ముప్పావంగుళమా?"