ఇస్సాకు మోచెయ్యి

నవంబరు వచ్చేసరికి ఆ క్లబ్బులో బంతి విసరడానికి మూడు చేతులే మిగిలాయి. నాలుగో చెయ్యి పెళ్లి చేసుకుని హాంబుర్గ్ వెళ్లిపోయింది. ఐదోది భుజానికి ఆపరేషన్ చేయించుకుని ఫిజియోథెరపీ పాలైంది. బేస్‌బాల్‌లో పిచర్ అంటే మన క్రికెట్ బౌలర్ లాంటివాడే గానీ, వాడి చేతికి విశ్రాంతి ఎక్కువ కావాలి. పైగా ఈ లీగులో శనివారం వచ్చిందంటే ఒకే రోజు రెండు మ్యాచ్‌లు. ముగ్గురితో ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా నెట్టుకురావడం అయ్యే పని కాదు.

జర్మనీలో ఎర్లాంగెన్ పక్కన చిన్న ఊరి క్లబ్ అది. కోచ్ ఊవె వారమంతా ఇళ్లలో హీటింగులు బాగుచేస్తాడు, సాయంత్రాలు కుర్రాళ్లను బాగుచేస్తాడు. శశాంక్ అక్కడ అంకెల మనిషి. ఆఫీసు నుంచి సైకిల్ మీద ఇంటికి వెళ్తూ మైదానం పక్కన ఆగి చూడటం మొదలుపెట్టినవాడు, మూడేళ్లలో స్కోర్లు రాసి, ఎవరు ఎన్ని బంతులు వేశారో లెక్కగట్టి పెట్టే స్థాయికి ఎదిగాడు. జీతం లేని ఉద్యోగం. బ్లూ కార్డు వీసా మీద చేసే అసలు ఉద్యోగం కన్నా దీన్నే శ్రద్ధగా చేస్తాడని ఇంట్లోవాళ్ల ఫిర్యాదు.

"మనం ఇవ్వగలిగింది ఒక గది, ఒక జత బూట్లు, మ్యాచ్ అయ్యాక సాసేజీలు" అన్నాడు ఊవె ఆ రోజు మీటింగులో. "అమెరికా నుంచి ఎవరూ రారు. ఆ రేటుకు వచ్చేవాణ్ణి చూడండి. గట్టిగా విసరగలిగితే చాలు, మిగతాది నేను నేర్పుకుంటాను."

శశాంక్‌కు వెంటనే ఇస్సాకు గుర్తొచ్చాడు. నిజం చెప్పాలంటే ఇస్సాకు అతనికి ఎప్పుడూ గుర్తుంటూనే ఉంటాడు.

ఇద్దరిదీ బాపట్ల. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల వయసులో ఇద్దరూ ఫాస్ట్ బౌలర్లే. ఇస్సాకు బంతి వేస్తే బ్యాట్స్‌మన్ వెనక్కి జరిగేవాడు, శశాంక్ వేస్తే ముందుకొచ్చేవాడు. ఆ తేడా ఊళ్లో అందరికీ తెలుసు, అందరికన్నా ఎక్కువగా శశాంక్‌కు తెలుసు. జిల్లా జట్టులో ఖాళీ ఒక్కటే ఉంది. సెలెక్షన్ మ్యాచ్‌కు ముందు రోజు సాయంత్రం శశాంక్, తన నాన్న స్నేహితుడూ, అంపైరూ అయిన రవీంద్రనాథ్ మాస్టారి ఇంటికి వెళ్లాడు. కాఫీ తాగాడు. "మాస్టారూ, ఇస్సాకు చెయ్యి ఒకసారి చూడండి. బట్టా వేస్తున్నాడని అంటున్నారు" అన్నాడు.

బట్టా అంటే చెయ్యి తిప్పి వెయ్యకుండా మోచెయ్యి వంచి విసరడం. క్రికెట్‌లో అంతకు మించిన తిట్టు లేదు. ఇస్సాకు మోచెయ్యి వంకరగానే ఉండేది కాబట్టి అనడానికి వీలుగానూ ఉంది. ఎవరు అంటున్నారని మాస్టారు అడగలేదు, ఎవరూ అనటం లేదని శశాంక్ చెప్పలేదు. మర్నాడు మొదటి ఓవర్లోనే మాస్టారు నాలుగుసార్లు నోబాల్ అన్నారు. నాలుగోసారికి మైదానం చుట్టూ ఉన్న జనం "బట్టా, బట్టా" అని అరవడం మొదలుపెట్టారు. కెప్టెన్ వచ్చి ఇస్సాకు చేతిలోంచి బంతి తీసుకుని శశాంక్‌కు ఇచ్చాడు.

శశాంక్ జిల్లాకు మూడు మ్యాచ్‌లు ఆడాడు. ఒక్క వికెట్ తీశాడు, అది కూడా రనప్ మధ్యలో కాలు మడతపడి చేతిలోంచి జారిన బంతికి. ఆ ఘనత కోసం ఒక మనిషి బతుకులోంచి ఆటను తీసేశాడు. తర్వాత బుద్ధిగా ఇంజనీరింగ్‌లో చేరిపోయాడు.

ఇస్సాకు చిన్న చిన్న ఉద్యోగాలు చేసి చేసి, ఇరవై తొమ్మిదో ఏట మాస్టర్స్ చదవడానికి జర్మనీలోనే తూర్పు వైపున్న కాట్‌బస్ వచ్చాడు. అప్పటి నుంచి శశాంక్ అతనికి చెయ్యని సాయం లేదు. చిరునామా నమోదు చేయించే అన్‌మెల్డుంగ్ ఫారాలు నింపిపెట్టాడు, ఆఫీసులో టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరక్కపోతే తెల్లారుజామున లేచి వెబ్‌సైట్ ముందు కూర్చుని సంపాదించాడు, చలికోటు పోస్టులో పంపాడు. "నీలాంటి ఫ్రెండు ఉండాల్రా" అంటాడు ఇస్సాకు. ఆ మాట విన్న ప్రతిసారీ శశాంక్ మాట మార్చేస్తాడు. అసలు సంగతి చెప్పకుండా సాయాలతోనే తప్పు కడిగేసుకోవాలని అతని ఆశ. మీటింగులో కూర్చున్న ఆ సాయంత్రం, కడిగేసుకునే రోజు ఇన్నాళ్లకు వచ్చిందనుకున్నాడు.

"ఒరేయ్ ఇస్సాకూ, జనవరిలో ఒక శనివారం ఇటు రాగలవా?"

"ఏంట్రా, పెళ్లిచూపులా?"

"కాదు. బేస్‌బాల్. బంతి వెయ్యాలి."

"నాది బట్టా చెయ్యిరా. మర్చిపోయావా?"

"అందుకేరా నిన్ను అడిగేది. ఈ ఆటలో అందరూ వేసేది బట్టానే. ఎంత బాగా విసిరితే అంత గొప్ప."

ఇస్సాకు నవ్వాడు. "అయితే నేను తప్పు దేశంలో పుట్టానన్నమాట."

డిసెంబరంతా అతను హాస్టల్ వెనక గోడకేసి టెన్నిస్ బంతి విసిరాడు. వేళ్లు మొద్దుబారిపోతున్నాయని మెసేజ్ పెడతాడు, మరుసటి రోజు మళ్లీ విసిరానని పెడతాడు. "అమ్మకి చెప్పాను. ఈ దేశంలో నా చేతికి పనుందంట అని" అని ఒక రోజు రాశాడు. శశాంక్ ఆ మెసేజ్‌ను ఆఫీసులో మూడుసార్లు చదువుకున్నాడు. చాలా ఏళ్ల తర్వాత అతనికి మనసు తేలికైంది.

జనవరి మూడో శనివారం ఇస్సాకు వచ్చాడు. నెల టికెట్టు మీద వేగం రైళ్లు ఎక్కనివ్వరు కాబట్టి, తెల్లవారకముందే బయల్దేరి, ప్యాసింజర్ రైళ్లు మారుతూ మధ్యాహ్నం ఒంటిగంటకు దిగాడు. చలికాలం ప్రాక్టీసు స్కూలు జిమ్ హాల్లో. ఊవె అతనికి చెయ్యి కలిపి, వేళ్లు బంతి మీద ఎలా పెట్టాలో చూపించాడు. అవతలి గోడకు దళసరి పరుపులు కట్టి ఉన్నాయి. శశాంక్ వేగం కొలిచే యంత్రం పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

మొదటి బంతి ఎనభై నాలుగు కిలోమీటర్లు. కంగారులే అనుకున్నాడు శశాంక్. పదో బంతి ఎనభై తొమ్మిది. ఇరవయ్యోది తొంభై ఒకటి. ఊవెకు తక్కువలో తక్కువ నూట ఇరవై కావాలి. క్లబ్బులో పదహారేళ్ల పిల్లలు నూట పది విసురుతారు. ఇస్సాకు చొక్కా వీపుకు అంటుకుపోయింది. ప్రతి బంతికీ శశాంక్ వైపు చూస్తాడు, శశాంక్ అంకె చెప్తాడు. చివరికి అంకె చెప్పడం మానేశాడు.

ఊవె దగ్గరికొచ్చి ఇస్సాకు మోచెయ్యి పట్టుకున్నాడు. పైపులు చూసే మనిషి కదా, అలాగే నొక్కి చూశాడు.

"చెయ్యి పూర్తిగా చాపు."

"ఇంతే వస్తుంది."

"ఎప్పటి నుంచి?"

"ఏడేళ్లప్పుడు సైకిల్ మీంచి పడ్డాను. ఊళ్లో కట్టు కట్టారు. ఇలాగే అతుక్కుంది."

ఊవె ఆ చెయ్యి వదిలేశాడు. ఇంత దూరం వచ్చినవాణ్ణి ఊరికే పంపడం ఇష్టం లేక కాబోలు, "నీ ఆటలో ఎలా వేస్తావో అలా ఒకటి వెయ్యి" అన్నాడు. వాళ్ల ఆటలో పరిగెత్తుకొచ్చి వెయ్యకూడదు, ఇది ఊరికే సరదాకి.

ఇస్సాకు హాలు ఆ చివరికి వెళ్లాడు. పన్నెండేళ్ల తర్వాత పరిగెత్తాడు. శశాంక్‌కు ఆ పరుగు తెలుసు. ఎడమ భుజం కొంచెం దించి, చివరి మూడడుగులు పొడుగ్గా వేసి, ఎగిరి, చెయ్యి పైనుంచి తిప్పి వదిలాడు. పరుపు దబ్బుమంది. యంత్రంలో నూట ఇరవై రెండు. హాల్లో ఉన్న పిల్లలు విసరడం ఆపి చూశారు, ఒకడు ఈల వేశాడు.

ఊవె దాన్ని టాబ్లెట్‌లో తీశాడు. బల్ల మీద పెట్టి, తన పిచర్ ఒకడి వీడియో పక్కన నడిపించి, మెల్లగా తిప్పాడు. "చూడు. మావాడి మోచెయ్యి ఇక్కడ ముడుచుకుంది, ఇక్కడ తెరుచుకుంది. విసరడం అంటే ఈ తెరుచుకోవడమే. ఇప్పుడు నీది చూడు. చెయ్యి భుజం ఎత్తుకు వచ్చినప్పుడు ఎంత వంగి ఉందో బంతి వదిలేటప్పుడూ అంతే ఉంది. కదల్లేదు. ఆ కీలు కదలదు. నువ్వు జన్మలో ఎప్పుడూ బంతి విసరలేదు, విసరలేవు కూడా. నన్ను క్షమించు, నిన్ను తీసుకోలేను."

"ఇంకోసారి పెట్టండి" అన్నాడు ఇస్సాకు.

ఊవె పెట్టాడు. ఇస్సాకు ఇంకోసారి అడిగాడు. నాలుగోసారికి టాబ్లెట్ అతని చేతికిచ్చి ఊవె పిల్లల దగ్గరికి వెళ్లిపోయాడు.

"కదలట్లేదు కదరా?" అన్నాడు ఇస్సాకు.

"కదలట్లేదు" అన్నాడు శశాంక్.

"వంగి ఉండటం తప్పు కాదురా. రూల్లో అలా లేదు. వేసేటప్పుడు చాపితేనే తప్పు. నేను రూలు వందసార్లు చదివాను. కానీ అంతటి మాస్టారు నోబాల్ అన్నాక, నాకు తెలీకుండా చాపేస్తున్నానేమో అనుకున్నాను. ఇన్నేళ్లూ అదే అనుకున్నాను." అతను బెంచీ మీద కూర్చున్నాడు. "నాకు బట్టా రాదురా శశీ. వెయ్యమన్నా వెయ్యలేను."

ముఖమంతా కన్నీళ్లు పెట్టుకుని నవ్వుతున్నాడు. ఆ మ్యాచ్ తర్వాత ఊళ్లో అందరూ వంకర చెయ్యి చూసి బట్టా అనుకున్నట్టే తనూ అనుకుని, ఆ బట్టానే వరంగా ఇప్పిద్దామని ఇంత దూరం రప్పించాడు. తను ఆ రోజు చెప్పింది సగమైనా నిజమే అయ్యుంటుందన్న ఊరట ఒకటి ఇన్నాళ్లూ మిగిలి ఉండేది. అది కూడా ఇప్పుడు పోయింది.

ఇస్సాకు అక్కడే బెంచీ మీద నుంచి వాళ్లమ్మ బాలామణికి ఫోన్ చేశాడు, స్పీకర్ పెట్టి. "అమ్మా, నేను బట్టా వెయ్యలేదంట. మిషన్లో చూశారు."

ఆవిడకు అర్థం కావడానికి రెండుసార్లు చెప్పాల్సొచ్చింది. అర్థమయ్యాక ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. "ఎవరు చూశారు నాన్నా?"

"మన శశాంక్ తీసుకొచ్చాడమ్మా. పక్కనే ఉన్నాడు."

"శశి బాబూ" అంది ఆవిడ. "వీణ్ణి బట్టా అన్నాక రెండేళ్లు రాత్రుళ్లు వీడి చేతికి చెక్క స్కేలు పెట్టి, చీరముక్కతో బిగించి కట్టేదాన్ని బాబూ, చెయ్యి తిన్నగా అవుద్దేమోనని. వీడు ఏడ్చేవాడు, నేనూ ఏడుస్తా కట్టేదాన్ని. వీళ్ల నాన్న పోయేటప్పుడు కూడా ఆ మాటే మనసులో పెట్టుకుని పోయాడు, కొడుకుని దొంగాట ఆడాడన్నారని. నువ్వు చల్లగా ఉండాలి. నీ మేలు మర్చిపోను."

"ఆంటీ" అన్నాడు శశాంక్.

నాలుగింటి రైలుకు ఇద్దరూ స్టేషన్‌కు వచ్చారు. దారంతా ఇస్సాకు మాట్లాడుతూనే ఉన్నాడు. ఊళ్లో ఎవరెవరికి ఆ వీడియో పంపాలో పేర్లు చెప్తున్నాడు. రవీంద్రనాథ్ మాస్టారు ఇంకా ఉన్నారా అని అడిగాడు. "ఆయన మీద కోపం లేదురా. ఆయనకి అలా కనిపించింది, పాపం. నువ్వు మిడాఫ్‌లో ఉన్నావు కదా, నీకేమనిపించింది?"

చాలా తేలిగ్గా అడిగాడు. తేలిగ్గా ఏదో ఒకటి చెప్పేస్తే సరిపోయేది.

"మాస్టారికి చెప్పింది నేనేరా" అన్నాడు శశాంక్.

"ఏం చెప్పావు?"

"నువ్వు బట్టా వేస్తున్నావని. ముందు రోజు వాళ్లింటికెళ్లి."

ఇస్సాకు అతని వైపు తిరిగాడు. ప్లాట్‌ఫామ్ మీద అనౌన్స్‌మెంట్ ఏదో వచ్చి పోయింది.

"నీకు నిజంగానే అలా అనిపించిందా?"

అవునంటే సగం తప్పు తగ్గేది. కాదని నిరూపించగలిగినవాళ్లు లోకంలో ఎవరూ లేరు.

"నా చోటు పోతుందనిపించింది" అన్నాడు శశాంక్.

ఇస్సాకు తిట్టలేదు. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, అది తనది కానట్టు చూసుకున్నాడు. రైలు వచ్చింది. ఎక్కబోయి వెనక్కి తిరిగాడు.

"అమ్మకి చెప్పకు. నాన్న పోయాక ఆవిడ ఇవాళే నవ్వింది. నువ్వు మంచోడివనే అనుకోనీ." తలుపులు మూసుకునేముందు ఇంకో మాట అన్నాడు. "నాకు మాత్రం ఫోన్ చెయ్యకురా."

శశాంక్ చెయ్యలేదు. రెండుసార్లు మెసేజ్ టైప్ చేసి చెరిపేశాడు. ఫిబ్రవరిలో ఊవెకు పిచర్ దొరికాడు. ఆట మానేసి ఆరేళ్లయిన నలభై ఒక్కేళ్ల పోస్ట్‌మన్, సాసేజీల కోసమే వచ్చానని జోకేస్తాడు. శశాంక్ అతని అంకెలు కూడా శ్రద్ధగా రాస్తున్నాడు.

బాలామణి మాత్రం ప్రతి ఆదివారం ఫోన్ చేస్తుంది. అక్కడ చర్చి అయ్యి భోజనాల వేళ, ఇక్కడ పొద్దున్నే. తిన్నావా బాబూ అని అడుగుతుంది. ఇస్సాకు, నువ్వూ కలుస్తున్నారా అని అడుగుతుంది. కలుస్తున్నాం ఆంటీ అంటాడు. అప్పుడావిడ ఫోన్లోనే అతని కోసం ప్రార్థన చేస్తుంది, నా బిడ్డ మీద పడ్డ మచ్చ తుడిచిన ఈ బిడ్డని దీవించు తండ్రీ అని. శశాంక్ వంటింట్లో కళ్లు మూసుకుని నిలబడతాడు. చివర ఆవిడ ఆగుతుంది. అతను ఆమెన్ అనేదాకా ఫోన్ పెట్టదు.