పేరు సరిగ్గా రాసిన సంచి

చలికాలంలో ఆ అమెరికా ఊళ్లో సాయంత్రం నాలుగున్నర దాటితే చాలు, పొద్దు గూకేస్తుంది. టర్కీ కోళ్లు కోసే ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు పని అప్పుడే ముమ్మరంగా ఉంటుంది. పొద్దు గూకగానే చదివే మగ్రిబ్ నమాజుకి పది నిమిషాలు వదలమని సొమాలీ ఆడవాళ్లు రెండేళ్లుగా అడుగుతున్నారు. సూపర్‌వైజర్ ఒప్పుకోలేదు.

చివరికి లదాన్ ఒక ఉపాయం ఆలోచించింది. ఆదివారం తనతో లైన్ మీద కోసే మిగతా పది మందినీ తన ఇంటికి పిలిచి, సమోసాల్లాంటి సంబూసాలు పెట్టి, "మంగళవారం పొద్దు గూకగానే అందరం ఒక్కసారిగా కత్తులు కింద పెడదాం. మన పదకొండు మందినీ తీసేస్తే లైన్ ఎవడు నడుపుతాడు, వాళ్ల నాన్నా?" అంది.

అందరికంటే గట్టిగా నవ్వింది హిబాక్. శరణార్థుల శిబిరంలో ఆరేళ్లు ఒకే కుళాయి దగ్గర నీళ్లు పట్టుకున్నవాళ్లు వాళ్లిద్దరూ. అమెరికా వచ్చాక లదాన్‌కి ఎముక తగలకుండా కత్తి ఆడించడం, మంచు మీద జారకుండా నడవడం నేర్పింది హిబాకే.

"ముందు నువ్వు కదులు అక్కా. నీ వెనకే నేనుంటా," అంది లదాన్.

మంగళవారం హిబాక్ కత్తి కింద పెట్టింది. చేతి తొడుగులు విప్పి తలెత్తి చూసింది. లదాన్ తల వంచుకుని కోస్తూనే ఉంది. ఆమెను చూసి మిగతా తొమ్మిది మందీ చేతిలో కత్తి వదల్లేదు. పిలిచినా వినబడని యంత్రాల మోత. ఇక వెనక్కి తగ్గడం హిబాక్‌కి చేతకాలేదు. ఒక్కతే క్యాంటీన్‌కి వెళ్లి, ఓ మూల చాప పరిచి నమాజు చదివింది.

బయటికి వచ్చేసరికి సూపర్‌వైజర్ తలుపు దగ్గరే ఉన్నాడు. రేపటి నుంచి రావద్దని గుర్తింపు కార్డు తీసుకుని, ఆమె అల్మారాలోని సామానంతా సర్ది మూతి కట్టేసిన ప్లాస్టిక్ సంచి చేతికిచ్చాడు. సంచి మీద ఆమె పేరుంది. అయిదేళ్లలో ఆఫీసు వాళ్లు ఆ పేరు ఒక్కసారీ సరిగ్గా రాయలేదు. సంచి మీద మాత్రం చివరి అక్షరం దాకా సొమాలీ వాళ్లు రాసినట్టే ఉంది. ఆ వంకర తోకల చేతిరాత హిబాక్‌కి కొత్తేమీ కాదు.

మర్నాడు ఉదయమే లదాన్ ఇంటికి వెళ్లింది. లదాన్ టీ పోయబోతే వద్దంది.

"సంచి ఎప్పుడు సర్దావే?"

లదాన్ టీ గిన్నె కింద పెట్టింది. "షిఫ్టు మొదలయ్యాక, నువ్వు లైన్ మీద ఉన్నప్పుడు. సంగతి ఎలాగో తెలిసి, షిఫ్టుకి ముందే నన్ను ఆఫీసుకి పిలిచి అడిగారు, ఎవరు మొదలుపెట్టారని. అన్న పిల్లలు ఇక్కడికి రావడానికి పెట్టిన కాగితాలు ఇంకా నైరోబీలోనే ఉన్నాయి అక్కా. నా ఉద్యోగం పోతే వాళ్లు రాలేరు."

"నా పేరు చెప్పావు. సరే, భయపడ్డావు. మరి షిఫ్టుకి ముందు బట్టలు మార్చుకునే చోట పక్కనే నిలబడ్డావు కదా. ఇవాళ వద్దక్కా అని ఒక్క మాట అనలేకపోయావా?"

"ఎవరో ఒకరు వెళ్లకపోతే కంపెనీ వాళ్లు దిగిరారు అనుకున్నా," అంది లదాన్ మెల్లగా.

హిబాక్ లేచి కోటు తొడుక్కుంది. తలుపు తీసుకుని మెట్లు దిగింది.

లదాన్ అన్న మాటే నిజమైంది. నమాజు చదివినందుకు హిబాక్‌ని తీసేసిన సంగతి ఊళ్లో పొక్కడంతో మూడు వారాలకి కంపెనీ పది నిమిషాలు ఇచ్చింది. లైన్ పెద్దగా లదాన్‌కి ఎర్ర హెల్మెట్ కూడా ఇచ్చింది.

శుక్రవారం మసీదులో ఆడవాళ్లంతా లదాన్ చుట్టూ చేరారు. ముసలి అస్లీ పిన్ని హిబాక్ చెయ్యి పట్టుకుని, "చూశావా అమ్మా, నెమ్మదిగా మాట్లాడి సాధించింది. నువ్వే కాస్త ఓపిక పట్టాల్సింది," అంది.

"నేను ఒక్కదాన్నే ఎందుకు వెళ్లానో దాన్నే అడుగు పిన్నీ. ఆ రోజు లైన్ మీద ఉన్నవాళ్లందరూ ఇక్కడే ఉన్నారు."

తొమ్మిది మందీ విన్నారు. ఒకామె బిడ్డ ముక్కు తుడిచింది, ఇంకొకామె చెప్పులు వెతుక్కుంది. "జరిగిందేదో జరిగిపోయింది," అంది లదాన్. అస్లీ పిన్ని చెయ్యి వదిలేసింది.

నెల తిరక్కుండానే పక్క ఊళ్లోని వృద్ధాశ్రమంలో హిబాక్‌కి దుప్పట్లు ఉతికే పని దొరికింది. మొదటి రోజే హిబాక్ మేనేజర్ దగ్గరికెళ్లి, ఇంగ్లీషు కూడగట్టుకుని, ప్రార్థనకి పది నిమిషాలు కావాలని అడిగింది. ఆ మేనేజరమ్మ కాగితాల మీంచి తల కూడా ఎత్తకుండా, "దానికేం, వెళ్లిరండి," అంది.

దుప్పట్ల గదిలో చాప పరిచి నిలబడింది హిబాక్. చిన్నప్పటి నుంచి నోట నానిన వాక్యాలు సగంలో ఆగిపోయాయి. ఎంత వద్దనుకున్నా, లైన్ మీద లదాన్ వంచిన ఆ తలే కళ్ల ముందుకు వస్తోంది. కళ్లు తుడుచుకుని మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది.