బావ హెడ్డు, బావమరిది బ్లాకు

మా ఆయన టెక్విన్, మా తమ్ముడు ఇద్వాల్ కలిసి ఒక కారు కింద దూరారంటే ఆ కారు బాగుపడదు గానీ వాళ్ళ కాపురం మాత్రం బ్రహ్మాండంగా సాగుతుంది. ఈ ఇంట్లో అసలు పెళ్ళాం నేనా వాడా అని నాకే అనుమానం వచ్చిన రోజులున్నాయి.

ఈ ఏడు మాత్రం ఆ కారు బాగుపడి తీరాలి. జూన్‌లో ఒక్క శనివారం మా క్లబ్బు వాళ్ళు పక్క ద్వీపం మీది రేసు ట్రాకుని రోజంతా మాకు వదిలేస్తారు. ఏటా టెక్విన్ నడుపుతాడు, తర్వాత ఇద్వాల్ నడుపుతాడు, నేను ఫ్లాస్కూ తువ్వాలూ పట్టుకుని వానలో నిలబడతాను. కిందటేడు మా ఆయన మూడో గేరులోంచి నాలుగులో వేయబోయి రెండులో వేశాడు. పిస్టన్ కడ్డీ విరిగి, ఇంజను బ్లాకు పొట్ట చీల్చుకుని బయటికొచ్చింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు గేరు రాడ్డుని తిట్టాడు. ఆ సిగ్గులోనే, "వచ్చే ఏడు స్టీరింగు నీదే, నెరిస్" అనేశాడు. నేను మరిచిపోతాననుకున్నాడు పాపం. సోమవారం పొద్దున్నే వెళ్ళి హెల్మెట్ కొనుక్కొచ్చాను.

నేను స్కూలు బస్సు నడుపుతాను. మా ఊరు బెథెస్డా నుంచి కొండ మీదికి, గొర్రెల మధ్యలోంచి, మంచులో కూడా. ఇద్వాల్‌కి అదొక వేళాకోళం. ట్రాకు మీద కూడా ప్రతి మలుపు దగ్గరా బండాపి తలుపు తీస్తావేమో అక్కా అంటాడు. అననీ, వాడి నోటికి తాళం మా అమ్మే వేయలేకపోయింది.

ఇక ఇంజను సంగతి. మా బుల్లి సివిక్ కారు ఇంజనుకి పై సగం, అంటే వాల్వులుండే హెడ్డు, చెక్కుచెదరలేదు. పోయింది పిస్టన్లుండే కింది సగం. ఇద్వాల్ దగ్గర అదే జాతి పెద్ద కారు ఇంజను ఒకటి పడి ఉంది. పిల్లల్నీ సామాన్లనీ మోసే కారుది. హెడ్డు దండగ, బ్లాకు బంగారం. బావది హెడ్డు, బావమరిదిది బ్లాకు, రెండూ కలిపితే చిన్న కారులో పెద్ద దమ్ము. ఇంతవరకూ గొడవ లేదు. పిస్టన్లు నాలుగూ ఒకే బరువుండాలని నేను పిండి తూచుకునే త్రాసు ఎత్తుకుపోయారు. పోనీలే అన్నాను. ఆ తర్వాత నేను చేసిన కేకులు కొన్నాళ్ళు ఇంజనాయిల్ వాసన కొట్టాయి.

గొడవంతా క్యామ్ కడ్డీల దగ్గర మొదలైంది. వాల్వుని ఎప్పుడు తెరవాలో, ఎంత తెరవాలో చెప్పేవి అవే. గాలి లోపలికి రావడానికి ఒకటి, పొగ బయటికి పోవడానికి ఒకటి. టెక్విన్‌ది ఒక జత, ఇద్వాల్‌ది ఒక జత. కలిసిపోకుండా టెక్విన్ వాటికి నా ఎర్ర గోళ్ళరంగు పూశాడు, ఇద్వాల్ వాటికి ఆకుపచ్చది. నాలుగింటినీ వంటింటి బల్ల మీద న్యూస్‌పేపర్ పరిచి పెట్టుకుని, పెళ్ళిచూపుల్లో పిల్లని చూసినట్టు అటు తిప్పి ఇటు తిప్పి చూస్తారు. ఎర్రది పైవేగంలో పులి అని మా ఆయన. పులే గానీ మలుపు దాటాక నిద్ర లేస్తుంది బావా, నాది కింద నుంచే లాగుతుంది అని వీడు. తా పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు ఇద్దరికీ. వారం రోజులు నాకు భోజనం పెట్టుకోవడానికి బల్ల లేదు.

చివరికి నేనే కసిరాను. "ఎర్రదో పచ్చదో నాకనవసరం. శనివారానికి బండి కదలాలి."

బావ వయసుకి పెద్దవాడు కదా అని ఎర్రవి పెట్టారు. పిస్టన్ తల మీద పిల్లలు ఆడుకునే బంకమట్టి అంటించి, హెడ్డు బిగించి, ఇంజను చేత్తో తిప్పి, మళ్ళీ ఊడదీసి మట్టి ఎంత నలిగిందో చూశారు. వాల్వుకీ పిస్టన్‌కీ మధ్య చోటుందో లేదో తెలిసేది అలాగే. చోటుంది. మూత బిగించారు. ఇద్వాల్ కిక్కురుమనలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

శుక్రవారం మధ్యాహ్నం బస్సు పెట్టేసి వచ్చేసరికి కారు సిద్ధం. మా షెడ్డులో ఒక ఆచారం ఉంది. కొత్త ఇంజనుకి తాళం తిప్పే ముందు, నడపబోయే మనిషి పొడవాటి కడ్డీతో దాన్ని చేత్తో తిప్పాలి. ఇన్నేళ్ళూ నేను దీపం పట్టుకుని చూసిన పని ఇవాళ నా చేతికొచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుని తిప్పాను. ఒక చుట్టు కూడా పూర్తి కాలేదు. లోపల టిక్కుమని ఏదో తగిలి కడ్డీ ఆగిపోయింది.

తలెత్తి చూశాను. ఇద్దరూ తేలు కుట్టిన దొంగల్లా షెడ్డు కప్పుకేసి చూస్తున్నారు.

"ఎవరు ముట్టుకున్నారు?"

ఇద్వాల్ గుడ్డతో చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"ఇద్వాల్. నిన్నే."

నీళ్ళు నమిలి నమిలి చెప్పాడు. బుధవారం బావ పాటల బృందానికి వెళ్ళినప్పుడు, తను గొంతు నొప్పని అబద్ధం చెప్పి ఎగ్గొట్టి, వచ్చి మూత విప్పి తన పచ్చ జత పెట్టేశాడట. నీ మేలు కోసమేనక్కా అన్నాడు. నేను మా ఆయన వైపు తిరిగాను. ఈయనగారు గురువారం, ఎందుకో మనసు కీడు శంకించి, మూత విప్పి చూస్తే పచ్చరంగు కనబడింది. ఒళ్ళు మండి తన ఎర్రవి మళ్ళీ పెట్టబోయాడు. గాలి వైపుది ఒకటి పెట్టాడో లేదో బయట ఇద్వాల్ వ్యాను చప్పుడైంది. హడావుడిగా క్యామ్ కడ్డీల్ని తిప్పే గొలుసు తగిలించి మూత మూసేశాడు. ఆ హడావుడిలో గొలుసు పళ్ళు తప్పింది. నేను చేత్తో తిప్పకుండా తాళం తిప్పి ఉంటే వాల్వులన్నీ పిస్టన్లకి గుద్దుకుని పాత ఇనుము మిగిలేది.

నాకు ఏడుపొచ్చింది. కోపంతోనే అనుకోండి, కానీ వచ్చింది.

"ఏడాదికి ఒక్క రోజు. అది నాకిస్తానన్నారు. అదీ మీకే కావాల్సొచ్చిందా?" అన్నాను.

ఇద్దరూ నేల చూశారు. రెండు జతల్లో ఏదో ఒకటి పూర్తిగా పెడదామన్నాడు టెక్విన్. ఏదని మళ్ళీ మొదలవుతుందని నాకు తెలుసు. "లోపలికి ఎర్రది, బయటికి పచ్చది. ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి. గొలుసు సరిచేసి, మట్టి పెట్టి మళ్ళీ చూడండి" అని కుర్చీ లాక్కుని కూర్చున్నాను. దీపం ఇద్వాల్ పట్టుకున్నాడు. టీ టెక్విన్ పెట్టాడు, మరీ పల్చగా. హెడ్డు విప్పి నలిగిన మట్టిని నా రొట్టె కత్తితోనే కోసి చూశారు. చోటు సరిపోయింది. అంతా బిగించాక కడ్డీ మళ్ళీ నేనే తిప్పాను. నున్నగా తిరిగింది. తాళం తిప్పితే దగ్గి, తుమ్మి, అందుకుంది.

శనివారం చినుకు లేదు. మా ఊళ్ళో అదే ఒక వింత. మొదటి విడత నీదే, ఆ తర్వాత చూద్దాం అని దారిలో మెల్లగా అన్నాడు టెక్విన్. నేను హెల్మెట్ పట్టీ సరిచేసుకున్నాను. ట్రాకు మీదికి వెళ్ళాక ఇంజను కింద నుంచి లాగింది, పైన అరిచింది. నాలుగో చుట్టులో అనుకుంటా, దాని సంగతే మరిచిపోయాను. సముద్రం వైపు దిగే మలుపొకటుంది. అక్కడ రోడ్డు మాయమై నీళ్ళు మాత్రమే కనబడతాయి. బస్సులో పిల్లలు లేరు, ఏ స్టాపులోనూ ఆగక్కర్లేదు. హెల్మెట్‌లో ఒక్కదాన్నే పగలబడి నవ్వాను. విడతైపోయిందని జెండా ఊపేదాకా బయటికి రాలేదు.

వచ్చేసరికి పెట్రోలు అయిపోవస్తోందని దీపం వెలుగుతోంది. ఇద్వాల్ పరుగెత్తుకొచ్చి బానెట్టుకి చెవి ఆనించాడు.

"చెప్పక్కా, ఏది బాగా పనిచేసింది? ఎర్రదా, పచ్చదా?"

"వినలేదురా" అన్నాను.

టెక్విన్ నా కిటికీ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఇంజను వైపు చూడలేదు.

"సముద్రం మలుపులో నువ్వు బ్రేకు తొక్కలేదు."

"తొక్కలేదు."

"నేను ఏటా తొక్కుతాను" అన్నాడు. "భయం నాకక్కడ."

పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన నోట ఆ మాట నేను వినలేదు. దిగుదామని సీటుబెల్టు విప్పబోయాను. ఆయన కిటికీలోంచి చెయ్యి పెట్టి ఆపాడు. వెళ్ళి డబ్బా తెచ్చి, ఒక్క చుక్క ఒలకకుండా పెట్రోలు పోశాడు.

"మరి నా వంతు, బావా?" అన్నాడు ఇద్వాల్.

"నా వెనకాల నిలబడు" అన్నాడు టెక్విన్. "నేనూ అడగడం లేదు."

నేను అద్దం ఎక్కించుకుని బండి కదిలించాను.