తొమ్మిదో ప్రశ్నకు సున్నాలు

సూదులిచ్చే కేంద్రంలో నర్సును అందరూ అక్కా అనేవారు. ఆమె మంచితనమే కొంప ముంచింది.

మత్తుమందు ఎక్కించుకునేవాళ్ళకు కొత్త సూదులివ్వడం, వాడినవి డబ్బాలో వేయించుకోవడం ఆమె పని. ఏడాదికోసారి పేరు రాయకుండా, నంబరు మాత్రం వేసి ముప్పై ప్రశ్నలు కూడా అడగాలి. తొమ్మిదోది: గత నెలలో ఇంకొకరు వాడిన సూదితో ఎన్నిసార్లు ఎక్కించుకున్నారు? నలభై మందీ సున్నా అన్నారు. ఇంత బుద్ధిమంతులకు అన్ని సూదులెందుకని పై ఆఫీసు వచ్చే నెల నుంచి సగం కోస్తామంది. ఆ నలభై మందిలోనే ముగ్గురికి రక్తపరీక్షలో కొత్తగా, ఒకరి సూది ఇంకొకరు వాడితే అంటుకునే కామెర్ల వైరస్ బయటపడింది. అది ఆకాశం నుంచి ఊడిపడిందా?

అక్క బతిమాలితే మళ్ళీ అడగడానికి వారం గడువిచ్చారు. మొదటిరోజు వచ్చినవాళ్ళ అనుమతితో కేంద్రం డాక్టరమ్మ మూల కుర్చీలో కూర్చుని విన్నది. సాయంత్రం అసలు సంగతి చెప్పింది.

"సున్నా అన్న ప్రతివాడినీ 'మంచిది నాన్నా' అంటున్నావు. ఆ మాట పోగొట్టుకోవాలని ఎవరికుంటుందమ్మా?"

అక్కకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు శనివారం, పెదవులు బిగించుకుని కూర్చుంది. వాగుడుకాయకు అంతకంటే శిక్ష లేదు.

మధ్యాహ్నం పెయింటర్ వచ్చాడు, గోళ్ళనిండా నీలం రంగు. తొమ్మిదో ప్రశ్నకు సున్నా అని, అలవాటుగా ఆమె మొహంలోకి చూశాడు. అక్క ఏమీ అనలేదు, ఏమీ రాయలేదు. అతను కాసేపు గోరు గీక్కున్నాడు.

"నాలుగుసార్లు," అన్నాడు చివరికి. "మా ఆవిడ వాడినదే. ఆదివారాలు మీరు మూసేస్తారు కదక్కా."

ఆదివారం సెలవు కోసం రెండేళ్ళ కిందట ఆఫీసుతో పోట్లాడింది ఆమే. కలం ఠక్కున బల్ల మీద పెట్టింది.

"కోపమొచ్చిందా అక్కా?"

వచ్చిందనీ, అతని మీద కాదనీ చెప్పింది. నాలుగు అని రాసింది. సోమవారం ఆవిడను రక్తపరీక్షకు తీసుకురమ్మని, రేపటికి కూడా సరిపడా ఇద్దరికీ సూదులిచ్చి పంపింది.

గడువు ముగిసేసరికి సున్నాలు పదకొండే మిగిలాయి. పై ఆఫీసు కోత మానుకుంది. ఆదివారం సంగతి మాత్రం ఏ ప్రశ్నలోనూ లేదు కాబట్టి వాళ్ళకు పట్టలేదు. 'ఆదివారం సెలవు' అని తన చేత్తో తలుపుకు అంటించిన కాగితాన్ని అక్కే గోళ్ళతో గీకి తీసేసింది.