వెనక మూడు బెంచీలు

పై నుంచి ఆర్డరు వచ్చింది. బడి వదిలి వెళ్ళిపోయే ఏడాది పిల్లలకి, పరీక్షలయ్యేదాకా వారానికో గంట ధైర్యం చెప్పించాలట. ధైర్యాన్ని కూడా పీరియడ్ల లెక్కన పంచవచ్చని కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆ గంట తమ నెత్తిన పడుతుందేమోనని స్టాఫ్ రూములో అందరూ బిక్కమొహాలు వేశారు. చివరికి అది బొమ్మల టీచరు నెత్తిన పడింది. పెద్ద క్లాసుకి బొమ్మల పీరియడ్ ఎత్తేసి చాలాకాలమైంది. ఖాళీగా కనబడే మనిషి ఆవిడొక్కతే.

మేడ మీద చివరి గది ఇచ్చారు. విరిగిన డ్రాయింగు స్టాండ్లూ, ఎండిపోయిన రంగుల సీసాలూ పడేసే గది అది. ఆవిడ ఆ చెత్తంతా ఓ మూలకి నెట్టించి, నేల కడిగించి, చాపలు పరిపించింది. ఆ గంట కోసం ఇచ్చిన శిక్షణలో నేర్పిన ప్రశ్నలు మొదటిరోజు తు.చ. తప్పకుండా అడిగింది. "నీ మనసు ఇవాళ పదికి ఎంతలో ఉంది బాబూ?" అని ఒక అబ్బాయిని అడిగితే, వాడు "ఇందులోనూ మార్కులేనా టీచర్?" అన్నాడు. ఆ ప్రశ్నలకి అక్కడితో స్వస్తి చెప్పేసింది.

ఆ తర్వాత ఆ గదిలో ఎవరిష్టం వాళ్ళది. కొందరు మాట్లాడేవాళ్ళు, కొందరు గోడకి జారబడి గురక పెట్టేవాళ్ళు. ఒకడు ఇంట్లో రోజూ జరిగే గొడవ గురించి చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు. పక్కవాడు జేబురుమాలు తీసిచ్చి, "ఉతికి ఇవ్వాలి, అలాగే ఇస్తే ఒప్పుకోను" అన్నాడు. ఇద్దరూ నవ్వేశారు. బొమ్మల టీచరుకి పాతికేళ్ళ ఉద్యోగంలో ఇంత పనికొచ్చే పని చేసినట్టు ఎప్పుడూ అనిపించలేదు.

అయితే ఆ గదికి అందరూ రావడానికి లేదు. ఆ బళ్ళో ప్రతి వారం లెక్కల పరీక్ష పెట్టి, వచ్చిన మార్కుల ప్రకారం పిల్లల్ని కూర్చోబెడతారు. ఎక్కువ వస్తే ముందుకి, తక్కువ వస్తే వెనక్కి. "వెనక మూడు బెంచీలూ మీవి మేడమ్," అన్నాడు ప్రిన్సిపాలు. "మునిగేది వాళ్ళే. ముందు కూర్చున్నవాళ్ళకేం, దర్జాగా ఉన్నారు." బొమ్మల టీచరుకి కూడా అది సబబుగానే తోచింది.

ఆ ముందు బెంచీలో మొదటి చోటు ఒక అమ్మాయిది. ఏ పరీక్ష పెట్టినా ఆ చోటు మారింది లేదు. పిల్లలు ర్యాంకమ్మ అని పిలిచేవాళ్ళు. ఎదురు చెప్పేది కాదు, అనవసరంగా ఒక మాట మాట్లాడేది కాదు. ప్రిన్సిపాలు ఆమె ఫోటో ముందే తీయించి దాచాడు, ఫలితాలు రాగానే బ్యానరు కట్టించడానికి.

ఒకనాడు వెనక బెంచీలవాళ్ళ గంట నడుస్తుండగా, ఆ అమ్మాయి గది తలుపు దగ్గర కనబడింది.

"ఏమ్మా, ఎవరైనా పంపించారా?"

"లేదు టీచర్. నేనే వచ్చాను. లోపలికి రావచ్చా?"

"నీకెందుకమ్మా ఈ గది? నీకేం తక్కువ?" అంది బొమ్మల టీచరు నవ్వుతూ.

"పాస్‌పోర్టు చూపించమనండి టీచర్" అన్నాడు లోపలినుంచి ఒకడు. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. "ఇప్పుడు మీకు లెక్కల పీరియడ్ కదా. మాస్టారు వెతుక్కుంటారు, వెళ్ళు తల్లీ."

"అలాగే టీచర్" అని వెళ్ళిపోయింది. మెట్ల దగ్గర కాసేపు ఆగింది. ఆగడం బొమ్మల టీచరు చూసింది కూడా. ఇంతలో లోపల ఎవరో ఏదో అడిగారు, ఆ సంగతి మర్చిపోయింది.

తర్వాతి వారం లెక్కల మాస్టారు స్టాఫ్ రూములోకి వస్తూనే ఒక పేపరు బల్లమీద కొట్టాడు. మనిషి నిప్పులు కక్కుతున్నాడు. "పొగరు చూశారా? పక్కన చిత్తులో అన్నీ సరిగ్గా చేసింది. జవాబులు మాత్రం కావాలని తప్పు రాసింది. ఆఖరి బెంచీకి మార్కులు ఎంత తగ్గాలో సరిగ్గా అంతే తగ్గించుకుంది. నన్ను ఆట పట్టిస్తోంది."

"ఎవరండీ?"

"ఇంకెవరు, మన ర్యాంకమ్మ."

బొమ్మల టీచరు ఆ పేపరు దగ్గరికి లాక్కుంది. ఆఖరి బెంచీలో ఏముంది? అక్కడ ఫ్యాను కూడా తిరగదు. అక్కడినుంచి మేడమీద గదికి దారి ఉంది, అంతే.

"పొగరు కాదు మాస్టారూ," అనేసింది. "నా గదికి రావాలని అలా చేసింది. పోయినవారం వస్తే నేనే వెనక్కి పంపించాను. ఆ పిల్లకేదో కష్టం ఉంది. ఈ వారం నా దగ్గరికి పంపించండి."

టీ కప్పులు పట్టుకుని స్టాఫంతా వింటుండగా అంది ఈ మాట. ముందు ఆ అమ్మాయిని మెట్లమీద పట్టుకుని అడిగి ఉండవచ్చు. ప్రిన్సిపాలు ఒక్కడి చెవిలోనే వేసి ఉండవచ్చు. కానీ తనకోసం ఒక పిల్ల ఇంత పని చేసిందంటే ఆవిడకి లోపల కాస్త గర్వంగా ఉంది. ఆ గర్వమే నోరు జారేలా చేసింది. ఇందులో దాచడానికేమీ లేదు.

ప్రిన్సిపాలు ఒప్పుకోలేదు. "మొదటి ర్యాంకు పిల్ల ఆ గదికి వెళ్ళిందని నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారు మేడమ్? పరీక్షలు కానివ్వండి, ఆ తర్వాత తీరిగ్గా ఎంతసేపైనా మాట్లాడుకోండి" అని చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు.

ఏమైతే అయిందని ఆవిడ నేరుగా క్లాసుకే బయల్దేరింది. వరండాలో ఉండగానే మాస్టారి గొంతు వినబడింది.

"నిలబడమ్మా. బొమ్మల టీచరు దగ్గర కూర్చోవాలని తప్పులు రాశావట. నిజమేనా? ఆవిడే చెప్పింది, నేను కల్పించింది కాదు. ఏమిటంత బాధ నీకు? చెప్పు, మేమూ వింటాం."

ముందు బెంచీలు నవ్వాయి. వెనక మూడు బెంచీలూ నవ్వలేదు. ఆ అమ్మాయి తల ఎత్తింది. కిటికీ అవతల నిలబడ్డ బొమ్మల టీచరు కనబడింది. చాలాసేపు ఆవిడ వంకే చూసింది. ఏదో అనబోయినట్టు నోరు తెరిచింది, మాట రాలేదు. నోరు మూసుకుని కూర్చుంది.

ఇక ఆ తర్వాత ఎవరితోనూ మాట్లాడలేదు.

మొదట అలక అనుకున్నారు. తర్వాత మొండితనం అన్నారు. డాక్టరు చూసి గొంతులో ఏ దోషమూ లేదన్నాడు. తండ్రికి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. మధ్యాహ్నం దుకాణం మూసుకుని బడికి వచ్చాడు. మనిషి వడిలిపోయి ఉన్నాడు.

"ఇంట్లోనూ అంతే మేడమ్. వాళ్ళమ్మ అన్నం పెట్టనా అంటే తల ఊపుతుంది. నిజం చెప్పాలంటే అంతకుముందూ పెద్దగా మాట్లాడేది కాదు. చదువుకుంటోంది కదా, కదిలించడం ఎందుకని ఊరుకున్నాం." మళ్ళీ తనే అడిగాడు. "మీకేమైనా చెప్పిందా?"

"చెప్పనివ్వలేదండీ" అంది ఆవిడ. ఎవరు చెప్పనివ్వలేదని ఆయన అడగలేదు.

ఇప్పుడు మాత్రం ప్రిన్సిపాలు ఆమెని మేడమీద గదికి పంపించాడు. ఎప్పుడంటే అప్పుడు, ఎంతసేపంటే అంతసేపు. ఆ అమ్మాయి వచ్చేది, చాప మీద కూర్చునేది, పుస్తకం తెరిచి లెక్కలు చేసుకునేది. "తప్పు నాదేనమ్మా," అంది ఒకరోజు బొమ్మల టీచరు. "అలా అందరిముందూ వాగి ఉండాల్సింది కాదు. తిట్టాలనిపిస్తే తిట్టు, పడతాను." ఆ అమ్మాయి శ్రద్ధగా విని, పేజీ తిప్పింది. ఆవిడ గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

"పరీక్ష నోటితో రాయరు కదా, కంగారెందుకు?" అని ప్రిన్సిపాలు అందరికీ ధైర్యం చెబుతూ తిరిగాడు. ఆయనన్నట్టే అయింది. ఆ అమ్మాయి పరీక్ష రాసింది. మొదటి ర్యాంకు వచ్చింది. బ్యానరు లేచింది. లెక్కల మాస్టారు అందరికీ మిఠాయి పంచుతూ, "చూశారా, ఊరికే భయపడ్డారు" అన్నాడు బొమ్మల టీచరుతో. ఆవిడ మిఠాయి తీసుకోలేదు.

ఫలితాల తర్వాత జరిపే వీడ్కోలు సభలో మొదటి ర్యాంకు వచ్చినవాళ్ళు మాట్లాడటం ఆనవాయితీ. ఆ ఉపన్యాసం ప్రిన్సిపాలే రాసుకొచ్చి, ఆ అమ్మాయిని పక్కన నిలబెట్టుకుని ఆమె తరఫున చదివాడు. "ఇక్కడ గడిపిన ఏ ఒక్క రోజూ నాకు భారం అనిపించలేదు. కష్టం వస్తే వినేవాళ్ళు ఈ బడి నిండా ఉన్నారు." హాలంతా చప్పట్లు. ముందు వరసలో తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బొమ్మల టీచరు ఇక ఆగలేకపోయింది. లేచి, కుర్చీలు తోసుకుంటూ వెళ్ళి స్టేజీ ఎక్కింది. ఆయన చదువుతూనే ఉన్నాడు. ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని తెర వెనక్కి, అక్కడినుంచి వరండాలోకి తీసుకొచ్చేసింది.

"పద తల్లీ, ఎక్కడైనా కూర్చుందాం. నువ్వేమీ చెప్పక్కర్లేదు. నేనూ ఏమీ అడగను. ఊరికే కూర్చుందాం."

ఆ అమ్మాయి వింది. లోపల చదవడం అయిపోయింది, మళ్ళీ చప్పట్లు మోగాయి. "ఫస్టు వచ్చిన అమ్మాయేదండీ? ఫోటో తియ్యాలి" అని ఎవరో కేకేశారు.

ఆ అమ్మాయి తన చెయ్యి మెల్లగా, మర్యాదగా విడిపించుకుంది. యూనిఫాం ముడతలు సర్దుకుంది. వెనక్కి నడిచి, స్టేజీ ఎక్కి, ఇందాక ఎక్కడ నిలబెట్టారో సరిగ్గా అక్కడే నిలబడింది. ఫోటోగ్రాఫరు నవ్వమన్నాడు. నవ్వింది.