వదులు గొలుసు

గిన్నెలు తోమే స్పాంజి కొత్తది ఒకటి తీసి, వీరదుర్గ దాన్ని శనగబద్దంత ముక్కలుగా కత్తిరించి పెట్టుకుంది. చిమటాతో ఒక్కొక్క ముక్కనే పట్టుకుని, బల్ల మీదున్న యుద్ధట్యాంకు బొమ్మ కుడిపక్క రేకు కిందికి దూర్చి, గొలుసును కిందికి నొక్కుతోంది. ట్యాంకంతా కలిపి జానెడు. ప్లాస్టిక్‌ది. గొలుసులో ఒక్కొక్క బిళ్ళ పెసరగింజంత.

"మెల్లగా," అన్నాడు ముసలి యజమాని జాసిం బాబా మంచం మీంచి. ముక్కులో ఆక్సిజన్ గొట్టం ఉండటం వల్ల ఆయన మాట గాలితో కలిసి వస్తుంది. ఆ ఇంట్లో మాటలు సగం హిందీ, సగం అరబ్బీ. ఇన్నేళ్ళలో దుర్గకు రెండూ ఒకటే భాష అయిపోయాయి.

జిగురు రాసి కాసేపైంది. అది ప్లాస్టిక్‌ను కరిగించి కలుపుతుంది. ముందు తడితడిగా జారుతుంది, తరవాత జున్నులా అవుతుంది, ఆపైన రాయే. జున్నుగా ఉన్నప్పుడే వంచాలి. పైనున్న చిన్న చక్రానికీ చక్రానికీ మధ్య గొలుసు తన బరువుకు తానే కిందికి జారినట్టు కనపడాలి. ప్లాస్టిక్‌కు బరువెక్కడిది? అందుకే ఈ స్పాంజి.

బాబా జన్మలో ట్యాంకు ఎక్కిన మనిషి కాడు. వయసులో ఉన్నన్నాళ్ళూ బుల్డోజరు నడిపి సముద్రాన్ని పూడ్చి నేల చేశాడు. దుకాణంలో బుల్డోజరు బొమ్మలు దొరక్క ట్యాంకులు కొనడం మొదలుపెట్టాడు, వాటికీ గొలుసులుంటాయి కదా అని. ఫిరంగి గొట్టం సంగతి ఆయనకు పట్టదు. దాన్ని ఆఖర్న మొక్కుబడిగా అతికిస్తాడు. గొలుసు మాత్రం బిగుతుగా కనపడితే ఆ పూట అన్నం తినడు.

దుర్గ ఈ ఇంటికి వచ్చిన కొత్తలో అలమారలో ఉన్న ట్యాంకుకు దుమ్ము పట్టిందని తడిగుడ్డతో శుభ్రంగా తుడిచిపెట్టింది. ఆ దుమ్ము ఆయన వారం రోజులు కూర్చుని కుంచెతో వేసిన రంగట. దుమ్ము తుడవడానికి జీతమిచ్చే ఇంట్లో దుమ్ము అంటించడానికి వారం కష్టపడతారని ఎవరనుకుంటారు? బాబా తల పట్టుకుని కూర్చుని, కాసేపటికి నవ్వడం మొదలుపెట్టాడు. మర్నాడు కుంచె ఆమె చేతికే ఇచ్చి, పోయిన దుమ్ము మళ్ళీ వెయ్యమన్నాడు.

కిందటి చలికాలం నుంచి ఆయన చేతులు వణుకుతున్నాయి. అప్పట్నుంచి చేతులు దుర్గవి, చూపు ఆయనది. కడియం పక్క పల్లెలో పూలు కడుతూ పెరిగిన పిల్ల కాబట్టి, దండను గుమ్మానికి కట్టేటప్పుడు మధ్యలో ఎంత వదలాలో ఆ వేళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు.

కానీ ఇదంతా దొంగతనంగా జరగాలి. డాక్టరు జిగురు వద్దన్నాడు, రంగులు వద్దన్నాడు, అగరువత్తి పొగ కూడా వద్దన్నాడు. కూతురు లుల్వా మేడం వాటన్నిటినీ బయట పారేయించింది. ఒక్క జిగురు డబ్బా ఎలా మిగిలిందో బాబాకూ దుర్గకూ తెలుసు. దుర్గకు ముందున్న పనిమనిషి ఆయనకు ఒక సిగరెట్టు ఇచ్చిన పాపానికి, మేడం ఆమెను రెండు రోజుల్లో విమానం ఎక్కించింది.

ఆ సంగతి దుర్గ మరిచిపోదు. మొగుడు కొబ్బరి దింపుల్లో చెట్టు మీంచి పడి చనిపోయాక ఈ అరబ్బు దేశం వచ్చింది. మొదటి ఇంట్లో వంటగదిలో ఫ్రిజ్జు పక్కన చాప మీద పడుకునేది. ఎవరు ఎప్పుడు తలుపు తోసుకుని వస్తారో తెలియక నిద్ర సగమే పట్టేది. ఈ ఇంట్లో ఆమెకొక గది ఉంది, గదికి లోపల గడియ ఉంది. ఆ గడియ ఎంత భాగ్యమో అది లేనిచోట పడుకున్నవాళ్ళకే తెలుస్తుంది.

రేపు పొద్దున మేడం బాబాను తుబ్లీలో తన ఇంటికి తీసుకుపోతుంది. ఈ ఈసా టౌన్ ఇంటికి తాళం పడుతుంది. దుర్గను తుబ్లీ తీసుకెళ్తుందో లేదో ఇంకా తేల్చలేదు. అక్కడికి బొమ్మలేవీ రాకూడదని మాత్రం తేల్చేసింది. అందుకే ఇవాళే ఈ గొలుసు పూర్తి కావాలని బాబా పట్టు.

బల్ల మీద ఫోను రెండుసార్లు మోగి ఆగింది.

దుర్గ చేతిలో చిమటా ఆగిపోయింది. మేడం కారు నడిపే సోమరాజు పెట్టుకున్న గుర్తు అది. మండపేట కుర్రాడు, దుర్గను అక్కా అంటాడు. మేడం ఇటు బయల్దేరితే రెండు మోతలు. రోజూ సాయంత్రం మోగాల్సిన ఫోను మధ్యాహ్నమే మోగింది. తుబ్లీ నుంచి ఇక్కడికి టీ కాగేంత సేపు.

"బాబా, మేడం వస్తోంది. ఆపేస్తున్నాను."

"ఆపితే అలాగే బిగుసుకుపోతుంది." ఆయన ఊపిరి కూడదీసుకున్నాడు. "ఇంకా మూడు సందులే. యల్లా, కానివ్వు దుర్గా."

ఆమె మొదటి సందులో స్పాంజి దూర్చింది. రెండో సందులో దూరుస్తుంటే గొలుసులో ఒక బిళ్ళ ఊడి పక్కకు తిరిగింది. ఊపిరి బిగబట్టి, గోటితో దాన్ని దాని చోటులోకి నెట్టి, అతుక్కునేదాకా అలాగే పట్టుకుంది. మూడో ముక్క దూర్చేసరికి వీధిలో కారు ఆగిన చప్పుడైంది.

ట్యాంకును దాని కిందున్న పీటతో సహా ఎత్తి, నిండు కుండ మోస్తున్నట్టు వంటగదికి నడిచింది. పండగలకు మచ్బూస్ అన్నం వండే పెద్ద గిన్నెలో దాన్ని దించి మూత పెట్టింది. మేడం ఏనాడూ ఆ గిన్నె మూత తీసిన మనిషి కాదు. హాల్లోకి వచ్చేసరికి జిగురు వాసన గుప్పుమంది. ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే బుఖూర్ అనే సుగంధపు పొగ వెయ్యడం ఆ ఇంటి పాత ఆచారం, ఏళ్ళ తరబడి ఆ పని దుర్గదే. ఆలోచన కంటే ముందు చెయ్యి వెళ్ళి కరెంటు ధూపదాని మీట నొక్కి, ఒక చెక్కముక్క వేసేసింది. బాబా గదిలోంచి దగ్గు వినపడ్డాక గాని తనేం చేసిందో ఆమెకు తెలియలేదు.

మేడం గుమ్మంలోనే ఆగిపోయింది. వెళ్ళి మీట ఆపేసింది.

"ఎవరు వెయ్యమన్నారు ఈ పొగ? నాన్నను చంపుతావా?"

"నేనే వెయ్యమన్నాను." లోపల్నుంచి దగ్గుకూ దగ్గుకూ మధ్య బాబా మాట వచ్చింది. "ఇల్లు వదిలిపోతున్నాను కదమ్మా. ఒక్కసారి వాసన చూద్దామని."

మేడం కళ్ళు తిప్పుకుంది. రేపు తనకు కుదరదని, ఇవాళే తీసుకుపోతున్నానని చెప్పింది. దుర్గ వైపు చూడకుండానే, "నువ్వు ఉండి ఇల్లు సర్దు. అక్కడ నర్సు ఉంది. నీ సంగతి తరవాత చూద్దాం," అంది.

చక్రాల కుర్చీని సోమరాజు గేటు దాకా తోశాడు. కారెక్కే ముందు బాబా దుర్గ మణికట్టు పట్టుకున్నాడు.

"మగ్రిబ్ నమాజు దాకా తియ్యకు."

"ఏమిటి తియ్యొద్దంటున్నావు?" అని అడిగింది మేడం.

"కిటికీ తెర," అన్నాడు బాబా. అబద్ధాలాడటంలో ఆ ఒక్క పూటలోనే ఆరితేరిపోయాడు.

దుర్గ పక్కబట్టలు మడతపెట్టింది. ఆక్సిజన్ యంత్రం ఉన్నచోట గచ్చు తుడిచింది. ఇల్లంతా సద్దు మణిగి, ఆ యంత్రం చప్పుడు లేకపోవడం చెవులకు కొత్తగా ఉంది. వంటగదిలోకి రెండుసార్లు వెళ్ళి, మూత తియ్యకుండానే తిరిగి వచ్చింది. పొద్దు వాలే అసర్ నమాజు వేళకు సోమరాజు ఫోను చేశాడు. ఈసారి మోగి ఆగలేదు.

"అక్కా, బాబాగారు పోయారు. దింపుదామని లేపితే లెగలేదు. ఆసుపత్రికి తీసుకెళ్ళేం గానీ, అప్పటికే అయిపోయిందన్నారు."

"దారిలో దగ్గేరా?"

"లేదక్కా. దారంతా కిటికీలోంచి సముద్రం కేసి చూత్తానే ఉన్నారు."

ఆమె వంటగది గచ్చు మీద కూలబడింది. దగ్గలేదు, దగ్గలేదు అని మనసుకు ఎంత చెప్పుకున్నా, ధూపదాని మీట నొక్కిన వేలు ఇంకా కాలుతున్నట్టే ఉంది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

సాయంత్రానికి ఇల్లు నిండింది. నల్లటి అబాయాల్లో ఆడవాళ్ళు, గోడవారన చెప్పులు. వచ్చినవాళ్ళకు వండాలి, పెద్ద గిన్నె ఏదని మేడం పిన్ని అడిగింది. దుర్గ కదల్లేదు. ఏడ్చి ఏడ్చి వాచిన మొహంతో మేడమే వంటగదిలోకి వచ్చి, గిన్నె దగ్గరికి లాక్కుని మూత తీసింది.

జిగురు వాసన ఒక్కసారిగా పైకి వచ్చింది.

మేడం చాలాసేపు లోపలికే చూసింది.

"ఎవరు చేశారు ఇది?"

బాబా చేశాడని అంటే సరిపోతుంది. పోయిన మనిషిని ఎవరూ విమానం ఎక్కించలేరు. ఆ మాట దుర్గ నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన తన కోసం మధ్యాహ్నం ఆడిన అబద్ధాలు గుర్తొచ్చి, ఇంకొకటి ఆయన నెత్తిన వెయ్యడానికి మనసొప్పలేదు.

"నేనే మేడం. ఆయన చేతులు వణికేవి. జిగురు రాసింది నేనే. పొగ వేసింది కూడా నేనే, ఆయన చెప్పలేదు."

మేడం వేలు చాచి ఒక స్పాంజి ముక్కను పట్టుకోబోయింది.

"తియ్యకండి." ఆ ఇంట్లో దుర్గ మేడంతో వద్దని చెప్పడం అదే మొదలు. "మగ్రిబ్ దాకా తియ్యొద్దన్నారు."

మేడం చెయ్యి గాల్లో ఆగింది.

"కిటికీ తెర," అంది, తనలో తాను అనుకున్నట్టు. మూత మళ్ళీ పెట్టేసి, గుమ్మం దగ్గరికి వెళ్ళి, "ఈ గిన్నె కుదరదు పిన్నీ, పక్కింట్లో అడిగించు," అంది. పోతూ పోతూ దుర్గ మొహం చూడలేదు. తన సంచీ రేపు తుబ్లీకి సర్దుకోవాలో, విమానాశ్రయానికి సర్దుకోవాలో దుర్గకు తెలియలేదు.

పొద్దుగూకి, మసీదులో మగ్రిబ్ పిలుపు అయింది. హాల్లో ఆడవాళ్ళు నమాజుకు లేచారు. దుర్గ చేతులు కడుక్కుని, మూత తీసి, స్పాంజి ముక్కలు ఒక్కొక్కటే లాగింది. గొలుసు పైకి లేవలేదు. చక్రానికీ చక్రానికీ మధ్య ఎంత జారాలో అంతే జారి, ఇంకా ఏ రంగూ పడని బూడిదరంగు గొలుసు గిన్నె అడుగున అలాగే నిలిచి ఉంది.